పాడయింది రేడియో కాదు

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగు నాకు ఇంట్లో మాట్లాడే భాష, బళ్ళో పరీక్ష రాసే సబ్జెక్ట్. అంతకు మించి ఏమీ లేదు. క్లబ్ సీనియర్ అన్న "కవిత రాకపోతే ఫర్వాలేదు, నీకు నిజంగా తెలిసిన విషయం ఒకటి రాయి" అన్నాడు. నాకు నిజంగా తెలిసింది ఒక రేడియో సంగతి. సీఎస్ఈ వాడు రేడియో గురించి రాయడమేంటని ఈసీఈ వాళ్ళు నవ్వొచ్చు. చివరిదాకా చదివి నవ్వండి.

మాది నెల్లూరు సముద్రం ఒడ్డున ఒక పాళెం. మైపాడు బీచ్‌కి వెళ్ళినవాళ్ళకి ఆ వైపు దారి తెలిసే ఉంటుంది. మా తాత చిన్నప్పటి నుంచి వేటకు పోయినాయన. మా వైపు వేట అంటే చేపల వేటే. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఇంటి పట్టునే ఉంటాడు. ఆయన దగ్గర ఒక ట్రాన్సిస్టర్ ఉంది. మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే వచ్చే పాత సెట్టు. ఎఫ్ఎం లేదు. పొద్దున్నే వార్తలు, వాతావరణం, సాయంత్రం పాటలు. నేను చిన్నప్పుడు ఆ సెట్టు శబ్దానికే నిద్ర లేచేవాణ్ణి.

2021లో ఆన్‌లైన్ క్లాసుల టైమ్‌లో నేను ఇంట్లో ఖాళీగా ఉండి ఒక గొప్ప పని చేశా. కరెంటు బిల్లు చూసి, ఇంట్లో మిగిలిపోయిన 60 వాట్ల పాత బల్బులు, చోక్ ఉన్న ట్యూబ్‌లైట్, అన్నీ పీకేసి ఎల్ఈడీలు పెట్టించా. 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురు 9 వాట్లలో వస్తుందని అవ్వకి లెక్క వేసి చూపించా. టౌన్‌కి వెళ్ళినప్పుడు ఒక బండి మీద కుప్ప పోసి అమ్ముతుంటే నాలుగు బల్బులు చవగ్గా తెచ్చా. కంపెనీ పేరు లేదు, డబ్బా కూడా లేదు. వెలిగాయి. బిల్లు తగ్గింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత కొన్ని రోజులకి తాత రేడియో గుయ్ మనడం మొదలైంది. స్టేషన్ ఎక్కడో లోపల నుంచి వినిపిస్తుంది, దాని మీద ఒకటే రొద. నేను ఒక్కసారి తిప్పి చూసి, "పాతదైపోయింది తాతా, పాడైపోయింది. ఫోన్‌లో అన్నీ వస్తాయి కదా" అని తేల్చేశా. తాత ఏమీ అనలేదు. సెట్టు అటక ఎక్కింది. పాత సామాన్లు కొనేవాడికి ఇచ్చేద్దామని కూడా అన్నా. అవ్వ పడనివ్వలేదు.

రెండున్నరేళ్ళు గడిచాయి. 2023 డిసెంబరు మొదటి వారం, మిచాంగ్ తుఫాను. నేను అప్పుడు ఇంటర్ సెకండియర్. సెలవులిచ్చి హాస్టల్ నుంచి ఇంటికి పంపేశారు. ఆ తుఫాను నేరుగా వచ్చి తాకి పోలేదు. దక్షిణ కోస్తా తీరాన్ని పట్టుకుని పైకి పాకుతూ పోయింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేదాకా మాకు ఒకటే గాలి, వాన. 4వ తేదీ రాత్రి కరెంటు పోయింది. కాసేపటికి సెల్ సిగ్నల్ కూడా పోయింది. నా ఫోన్‌లో మూడు వెదర్ యాప్‌లు ఉన్నాయి. మూడింటిలోనూ ఆ గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది.

అప్పుడు తాత, "ఆ ట్రాన్సిస్టర్ దించబ్బయా" అన్నాడు.

"అది పాడైపోయింది కదా తాతా."

"పెట్టి చూడు. పోయేదేముండాది."

టార్చిలైటులో సెల్స్ తీసి దాంట్లో వేశా. మీట తిప్పితే విజయవాడ స్టేషన్ పక్క గదిలో మనిషి మాట్లాడినట్టు వచ్చింది. గుయ్ లేదు, గర్ లేదు. తుఫాను ఎక్కడుంది, ఎటు పోతోంది, ఎప్పుడు దాటొచ్చు, సముద్రంలోకి ఎవరూ పోవద్దు అని అన్నీ నిదానంగా చెప్తున్నారు. తాత విని, మామని పిలిచి, ఒడ్డున ఉన్న ఇంజన్లు, వలలు ఇంకా పైకి చేర్చమన్నాడు. ఆ రాత్రి వానలోనే మామ వాళ్ళు పోయి ఆ పని చేశారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను సంగతి కూడా తాత ఆ రాత్రే చెప్పాడు. అప్పుడు కూడా రేడియో విని ముందే కదిలారట.

నేను మాత్రం ఒక్కటే ఆలోచిస్తున్నా. పాడైపోయిన రేడియో ఎలా పలికింది?

కరెంటు తిరిగి వచ్చినప్పుడు జవాబు దొరికింది. సెట్టు తాత ఒళ్ళో మోగుతూనే ఉంది. ఇంట్లో లైట్లు వెలిగాయి. అదే క్షణం గుయ్. చేయి పెట్టి నోరు మూసినట్టు స్టేషన్ మునిగిపోయింది. నేను లేచి మెయిన్ స్విచ్ ఆపా. స్టేషన్ తేలింది. వేశా. మునిగింది. ప్రోగ్రామ్‌లో తప్పు వెతికేటప్పుడు ఒక్కో లైన్ ఆపి చూస్తాం కదా, అట్లానే ఒక్కో స్విచ్ వేసి చూశా. నేను తెచ్చిన నాలుగు బల్బుల్లో మూడు దొంగలు. నా ఫోన్ చార్జర్ నాలుగో దొంగ. ఇంతకుముందు నుంచే ఉన్న మంచి బల్బులు దాదాపు సైలెంట్.

అప్పుడు తాత అన్న మాట నేను మర్చిపోలేను. "నువ్వు బల్బులు మార్చిన వారం నుంచే అట్లా అరస్తా ఉండాదబ్బయా. నాకు తెలస్తానే ఉండాది."

"మరి చెప్పలేదే తాతా?"

"చదువుకునే పిల్లోడివి. పాడయిందన్నావు. నీకు తెల్దా అనుకున్నా."

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాటే. దాని దగ్గరకి మళ్ళీ వస్తా. ముందు బల్బు రేడియో నోరు ఎలా నొక్కుతుందో చెప్తా. ఇది మొత్తం తర్వాత చదివి నేర్చుకున్నదే, అప్పటికి నాకేమీ తెలీదు.

గోడలో వచ్చేది 230 వోల్టుల ఏసీ. ఎల్ఈడీకి కావాల్సింది తక్కువ వోల్టేజీ డీసీ. ఆ మార్పిడి చేసేది బల్బు అడుగున ఉండే డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్. చాలా డ్రైవర్లలో ఒక ట్రాన్సిస్టర్ కరెంటుని సెకనుకి కొన్ని వేల నుంచి లక్ష సార్ల దాకా వేస్తూ ఆపుతూ ఉంటుంది. అందుకే అది అంత చిన్నగా ఉండి, వేడెక్కకుండా పని చేస్తుంది. కానీ అంత వేగంగా స్విచ్ పడినప్పుడల్లా ఆ పౌనఃపున్యం ఒక్కటే పుట్టదు, దాని రెట్లన్నీ పుడతాయి. ఉదాహరణకి డ్రైవర్ 60 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతోందనుకోండి. 120, 180, 240 అట్లా పోతూ 14వ రెట్టు 840 దగ్గర పడుతుంది. విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. తేడా 3 కిలోహెర్ట్జ్. అది మన చెవికి వినపడే ఈల. తాత సెట్టులో వాయిస్ వెనక వచ్చే ఆ సన్నటి కూత ఇట్లాంటిదే. చవక డ్రైవర్ ఒక చోట నిలకడగా ఉండదు కాబట్టి చాలాసార్లు ఈల కూడా కాకుండా బర్ర్ మనే రొద అవుతుంది.

ఈ రొద రెండు దారుల్లో వస్తుంది. ఒకటి వైర్ల గుండా. ఇంటి వైరింగ్ మొత్తం పెద్ద ఏరియల్ లాగా పని చేసి దాన్ని అన్ని గదుల్లోకీ పంచుతుంది. రెండోది గాలిలో నేరుగా. మీడియం వేవ్‌లో మాట అంతా తరంగం ఎత్తుపల్లాల్లో ఉంటుంది. రొద కూడా ఆ ఎత్తుపల్లాలనే చెడగొడుతుంది కాబట్టి రేడియోకి ఏది మాటో ఏది రొదో తెలీదు. ఎఫ్ఎం ఈ దెబ్బని చాలావరకు తట్టుకుంటుంది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికా ఇంజనీరు ఈ రొదని వదిలించుకోవడానికే ఏళ్ళ తరబడి కష్టపడి 1933లో ఎఫ్ఎంకి పేటెంట్లు తెచ్చుకున్నాడు. అయితే సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఎఫ్ఎం కూడా బుస్ మంటుంది.

మంచి డ్రైవర్లో ఈ రొద వైర్లలోకి పోకుండా ఆపడానికి ఒక చిన్న కాయిల్, ఒకటి రెండు కెపాసిటర్లు పెడతారు. మన మెకానిక్‌లు కండెన్సర్ అంటారే, అదే. బండి మీది బల్బు ఒకటి తర్వాత చచ్చిపోతే విప్పి చూశా. బోర్డు మీద ఆ కాయిల్‌కి చోటు ఉంది, గుర్తు కూడా ముద్రించి ఉంది, కాయిల్ మాత్రం లేదు. దాని చోట ఒక తీగ ముక్క సోల్డర్ చేశారు. డిజైన్ చేసినవాడికి అది కావాలని తెలుసు. తయారు చేసినవాడు మిగుల్చుకున్నాడు.

నేను "చవక బల్బులన్నీ రొద చేస్తాయి" అనడం లేదు. నా నాలుగు బల్బుల్లో ఒకటి ఒక్క చప్పుడు కూడా చేయలేదు. అది ఇంకా చవక రకం డ్రైవర్. అందులో స్విచింగే లేదు, కాబట్టి రేడియోకి హాని లేదు. కానీ ఫోన్ కెమెరా పెట్టి చూస్తే చారలు కనపడేంత మినుకుమినుకు. ధర చూసి ఏదీ చెప్పలేం, పెట్టి వినాల్సిందే.

బాగు చేయడానికి మేం చేసినవి ఇవి. మీ ఇంట్లో కూడా పనికొస్తాయి.

మొదట, సెల్స్‌తో నడిచే రేడియోని రెండు స్టేషన్ల మధ్య ఖాళీ చోట పెట్టి, మెయిన్ ఆపి వినండి. రొద పోతే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. పోకపోతే పక్కింట్లోనో వీధి స్తంభం మీదో ఉన్నాడు. తర్వాత ఒక్కో స్విచ్ వేయండి. రేడియోని బల్బు దగ్గరకి తీసుకెళ్తే రొద పెరుగుతుంది.

రెండు, డబ్బు ఖర్చు లేని పని. మీడియం వేవ్ రేడియో లోపల ఒక నల్లటి ఫెరైట్ కడ్డీ ఏరియల్‌గా ఉంటుంది. దాని కొన ఎటు చూస్తే అటు నుంచి వచ్చేది తక్కువగా వినపడుతుంది. కాబట్టి సెట్టుని నిదానంగా గుండ్రంగా తిప్పండి. ఒక కోణంలో రొద పడిపోయి స్టేషన్ మిగులుతుంది. బల్బుకి, వైర్లకి రెండు మూడు అడుగులు దూరం జరిపినా చాలా తేడా ఉంటుంది.

మూడు, ఫెరైట్ ముక్కలు. పాత మానిటర్ కేబుల్ చివర లావుగా ఒక దిమ్మ ఉంటుంది చూడండి, అదే. బల్బు వైరుకి ఒకటి తగిలించా. ఏమీ మారలేదు. నిరుత్సాహపడ్డా. తర్వాత తెలిసింది, ఆ ముక్కలు ఎక్కువగా 30 మెగాహెర్ట్జ్ పైన పని చేయడానికి చేసినవని, మీడియం వేవ్ దానికి చాలా కింద అని. పెద్ద ఫెరైట్ రింగు తెచ్చి వైరుని దాంట్లోంచి ఎనిమిది చుట్లు చుట్టాం. చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి అడ్డు పెరుగుతుంది. ఎనిమిది చుట్లంటే ఒక చుట్టుకి దాదాపు 64 రెట్లు. అప్పుడు బాగా తగ్గింది. ఇది 230 వోల్టులు కాబట్టి మెయిన్ ఆపి, మా ఊరి వైర్‌మన్ అన్న చేతనే చేయించా. మీరూ సొంతంగా చేయొద్దు. బల్బు విప్పి లోపల కండెన్సర్ పెట్టే సాహసం అసలే వద్దు.

నాలుగు, అన్నిటికంటే తేలికైంది. ఆ బల్బు తీసేసి రొద లేనిది పెట్టడం. మూడు బల్బులు మార్చాం. ఎల్ఈడీలే, పాత బల్బులు కాదు.

ఇంతా చేసినా ఇంటి ముందు స్తంభం మీది వీధి లైటు సాయంత్రం వెలిగితే కొంచెం రొద వస్తూనే ఉంది. దానికి నేనేం చేయలేకపోయా. తాత కుర్చీ పెరటి వైపుకి మారింది.

ఈ సంగతి తెలిశాక మామ తన ఆటో తెచ్చి ముందు పెట్టాడు. ఒడ్డు నుంచి నెల్లూరు మార్కెట్‌కి చేపలు తోలే ట్రక్ ఆటో. స్టీరియో మీద ఆయనకి ప్రాణం. ముందు దేవుడి పటం చుట్టూ ఎల్ఈడీ స్ట్రిప్పు వేయించినప్పటి నుంచి ఎఫ్ఎంలో బుస్ వస్తోందని చెప్పాడు. నేను పెన్‌డ్రైవ్ పాట పెట్టించి లైటు వేసి చూశా. పాట శుభ్రంగా ఉంది. అంటే రొద కరెంటు వైరు గుండా స్టీరియోలోకి దూరడం లేదు, ఏరియల్ గుండా వస్తోంది. పెన్‌డ్రైవ్ పాటలో కూడా రొద వస్తే అప్పుడు పవర్ వైరుని, ఎర్త్‌ని అనుమానించాలి. మా కేసులో స్ట్రిప్పు వైరు, ఏరియల్ కేబుల్ రెండూ ఒకే గొట్టంలో జంటగా పోతున్నాయి. విడదీసి, ఏరియల్‌ని అవతలి వైపు నుంచి తీసుకొచ్చాం. స్ట్రిప్పు రెండు వైర్లని జడ లాగా మెలేశాం. ఇక్కడ మానిటర్ కేబుల్ ఫెరైట్ ముక్క బ్రహ్మాండంగా పని చేసింది, ఎఫ్ఎం 88 మెగాహెర్ట్జ్ పైనే కాబట్టి. ఖర్చు సున్నా. మామ నాకు చేపల పులుసు పెట్టాడు.

ఇదంతా సరదాగా అనిపించొచ్చు. బోటు దగ్గరకి వచ్చేసరికి నాకు సరదా పోయింది. ఎల్ఈడీ, సముద్రం అనగానే మా వైపు అందరికీ గుర్తొచ్చేది వెలుతురు వేసి చేపల్ని పోగు చేసే వేట. దాన్ని కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులో నిషేధించింది. నేను చెప్పేది అది కాదు. బోటు మీద వంటకి, వల సర్దుకోడానికి, దారి చూపడానికి పెట్టుకునే మామూలు లైట్ల గురించి. వాటికీ 12 వోల్టుల బ్యాటరీకీ మధ్య అట్లాంటి డ్రైవరే ఉంటుంది. పక్కనే వీహెచ్ఎఫ్ సెట్టు ఉంటుంది. ఆపదలో పిలిచే 16వ చానల్ 156.8 మెగాహెర్ట్జ్.

2018 ఆగస్టులో అమెరికా కోస్ట్ గార్డ్ ఈ విషయం మీదే ఒక భద్రతా హెచ్చరిక ఇచ్చింది. ఎల్ఈడీ దీపాల దగ్గర వీహెచ్ఎఫ్ వినపడటం లేదని ఓడల వాళ్ళ నుంచి ఫిర్యాదులు వచ్చాయట. ఒక చోట రక్షణ కేంద్రం పిలుస్తుంటే ఓడకి వినపడలేదని అందులో ఉంది. వాళ్ళు చెప్పిన పరీక్ష ఎవరైనా చేయొచ్చు. లైట్లు ఆపి, సెట్టుని ఎవరూ మాట్లాడని చానల్లో పెట్టి, స్క్వెల్చ్ మీటని రొద సరిగ్గా ఆగే చోట ఉంచాలి. తర్వాత లైటు వేయాలి. రొద మళ్ళీ మొదలైతే ఆ లైటు మీ చెవికి అడ్డం పడుతోందని అర్థం. మా మామ వాళ్ళ బోటు మీద చేస్తే ఒక లైటు దొరికింది. సెట్టు ఏరియల్‌కి ఆనించి కట్టి ఉంది. దూరంగా మార్చాం.

ఈ చెవుడు ఉన్నట్టు బోటు మీది మనిషికి ఎలా తెలుస్తుంది? దగ్గరి బోటు వాళ్ళు పలుకుతూనే ఉంటారు. దూరం నుంచి వచ్చే బలహీనమైన పిలుపు మాత్రమే మునిగిపోతుంది. వినపడని పిలుపు వచ్చిందని కూడా వాళ్ళకి తెలీదు.

ఇక నా అభిప్రాయం.

మన దేశంలో ఎల్ఈడీ బల్బుకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బల్బు మీద ఐఎస్ 16102 అని, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. మంచిదే. కానీ అది మనిషికి షాక్ కొట్టకుండా, మంట రాకుండా చూసే భద్రత గురించి. రేడియోకి ఎంత రొద పంపొచ్చు అనేదానికి వేరే ప్రమాణం ఉంది, సీఐఎస్‌పీఆర్ 15 అని. ఆ పేరున్న అంతర్జాతీయ సంఘం ఈ రొద కొలవడానికే 1934లో పుట్టింది. అంటే ఇది కొత్త సమస్య కాదు, పరిష్కారం తెలియని సమస్య అసలే కాదు. ఆ రెండో పరీక్ష పాసయిందో లేదో కూడా డబ్బా మీద కొన్నవాడికి అర్థమయ్యేలా, తప్పనిసరిగా ఉండాలని నేనంటా.

ఎందుకంటే ఇక్కడ లెక్క తప్పుతోంది. కాయిల్ తీసేసినవాడికి కొన్ని రూపాయలు మిగిలింది. నాకు బల్బు చవగ్గా వచ్చింది. మా ఇంటి బిల్లు తగ్గింది. ఈ లాభాల్లో ఎక్కడా లేని మనిషి నష్టపోయాడు. ఆ మనిషి మా తాత. వీధి లైటు విషయంలో అయితే బల్బు కొన్నది కూడా మేం కాదు. పొగ అయితే కంటికి కనపడుతుంది, కంపు అయితే ముక్కుకి తెలుస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు. ఈ పొగ రేడియోకి మాత్రమే కనపడుతుంది. అప్పుడు మనం రేడియో పాడయింది అంటాం.

ఎల్ఈడీలు వద్దని నేను అనడం లేదు. నీలి ఎల్ఈడీ కనిపెట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చింది ఊరికే కాదు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో దేశమంతా 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ప్రభుత్వం కొన్న ధర 2014లో ఒక బల్బు 310 రూపాయలుంటే 2016కి 38 రూపాయలకి దిగింది. మా అవ్వ లాంటివాళ్ళకి ఇది నిజంగా మేలు. ధర అంత దిగిన చోట ఒక కాయిల్ ఉండాలని అడిగితే కొంపేమీ మునగదు.

మా రూమ్మేట్ అడిగాడు, "ఒరేయ్, రేడియో ఇప్పుడెవడు వింటున్నాడ్రా? 2022లో నెల్లూరుకి ఆకాశవాణి 10 కిలోవాట్ల ఎఫ్ఎం వచ్చింది, అందరి దగ్గరా ఫోన్ ఉంది" అని. సరైన ప్రశ్నే. ఎఫ్ఎం వచ్చింది నిజమే, తాతకి ఇప్పుడు ఎఫ్ఎం ఉన్న చిన్న సెట్టు కూడా కొనిచ్చా. కానీ ఎఫ్ఎం దాదాపు చూపు మేర పోతుంది. మీడియం వేవ్ నేలని పట్టుకుని పోతుంది, అందులోనూ ఉప్పు నీటి మీద ఇంకా బాగా పోతుంది. వేటకు పోయినవాళ్ళకి కావాల్సింది అదే. ఫోన్ సంగతి మిచాంగ్ రాత్రి నేను చూశా. టవర్‌కి కరెంటు కావాలి. రెండు సెల్స్ ఉన్న రేడియోకి విజయవాడలో స్టేషన్ నడిస్తే చాలు.

ఇది మా పాళెం వాళ్ళ చాదస్తం మాత్రమే కాదు. ఎలక్ట్రిక్ కార్ల మోటారు రొదకి మీడియం వేవ్ రేడియో పని చేయడం లేదని కొన్ని కంపెనీలు కార్లలోంచి దాన్ని తీసేయడం మొదలుపెడితే, 2023 మే నెలలో అమెరికా పార్లమెంటులో ప్రతి కారులో అది ఉండాల్సిందేనని బిల్లు పెట్టారు. ఆపద సమయంలో హెచ్చరికలు దాని మీదే వెళ్తాయన్నది వాళ్ళ వాదన. అదే నెలలో ఫోర్డ్ కంపెనీ తన నిర్ణయం వెనక్కి తీసుకుంది. తుఫాన్లు అలవాటైన మన తీరంలో ఆ మాట అడగడానికి ఇంకా ఎక్కువ హక్కు ఉంది.

మన కాలేజీకి ఒక ప్రతిపాదన. ఈసీఈ ల్యాబ్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఉంది. మైక్రో ప్రాజెక్టుల కోసం మనం ప్రతి ఏడాదీ అదే ఫేస్ డిటెక్షన్ అటెండెన్స్ చేస్తున్నాం. ఈసారి నెల్లూరు కొట్లలో దొరికే బల్బులు ఒక ఇరవై రకాలు తెచ్చి కొలుద్దాం. ఏది ఎంత రొద చేస్తుందో తెలుగులో ఒక పేజీ రాసి పాళేల్లో పంచుదాం. డేటా ప్లాట్ చేసే పని సీఎస్ఈ వాళ్ళది. నేను రెడీ.

ఇప్పుడు తాత మాట దగ్గరకి వస్తా. ఆయనకి ముందే తెలుసు. బల్బులు మారిన వారమే గుయ్ మొదలైందని గమనించాడు. మన ల్యాబ్ భాషలో చెప్పాలంటే, ఏది మారాక తప్పు వచ్చిందో అదే చూడాలన్న మొదటి సూత్రం ఆయన పాటించాడు. నేను పాటించలేదు. నేను చేసింది వయసు చూసి తీర్పు చెప్పడం. సెట్టు పాతది, కాబట్టి తప్పు దానిదే. నేను ఇంగ్లీష్‌లో చదువుకుంటున్నా కాబట్టి నా మాట కరెక్ట్ అని ఆయన కూడా నమ్మేసి, రెండున్నరేళ్ళు వార్తలు వినకుండా కూర్చున్నాడు. బల్బు చేసిన రొద కంటే అది పెద్ద తప్పు. దానికి ఫెరైట్ రింగు లేదు. మన ఇళ్ళల్లో మనం టెక్నాలజీ పేరు చెప్పి ఎన్నిసార్లు ఇట్లా తేల్చేసి ఉంటామో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

పోయిన నెల వరండాలో ఒక బల్బు పోయింది. తాత నాతో పాటు కొట్టుకి వచ్చాడు, చేతిలో ట్రాన్సిస్టర్ పట్టుకుని. కొట్టతను బల్బు వెలిగించి చూపిస్తే, తాత సెట్టు దాని దగ్గర పెట్టి విన్నాడు. మొదటిది అరిచింది. రెండోది అరిచింది. కొట్టతను నవ్వుతున్నాడు. మూడోది వెలిగింది, విజయవాడ పలుకుతూనే ఉంది.

"ఇది ఇయ్యి" అన్నాడు తాత.